కలంకారీ నలుపు, కత్తిపీట నలుపు

ఈ హాస్టల్లోనే పదో తరగతి దాకా చదివి, ఇప్పుడు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాం మేము. మా ఇళ్ళల్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. సంచికకు ఒక పాఠం రాయమంటే శ్రీకాళహస్తి కలంకారీని ఎంచుకున్నాం. కారణం ఉంది. డిగ్రీ ప్రాక్టికల్స్‌లో ఎగ్జామినర్ గారు మార్డెంట్ అంటే ఏమిటని అడిగారు. రంగును నూలుకు అంటిపెట్టే పదార్థమని గడగడా అప్పజెప్పాం. "మీ ఇంట్లో ఎక్కడైనా చూశారా?" అంటే మాత్రం నోరు పెగల్లేదు.

జవాబు కలంకారీలో దొరికింది. ముందు నూలుబట్టను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఎండబెడతారు. కరక్కాయలో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది. పాలలోని కొవ్వు వల్ల గీత పక్కలకు పాకదు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం, నీళ్ళు కుండలో వేసి రెండు మూడు వారాలు నానబెడతారు. బెల్లం పులిసి ఆమ్లమవుతుంది, ఆమ్లం ఇనుమును కరిగిస్తుంది. వెదురు పుల్లకు గుడ్డ చుట్టి, దారం కట్టి, ఆ కలంతో గీస్తారు. గీసేటప్పుడు పలచగా ఉన్న ఆ నీరు బట్టలోని టానిన్‌తో కలిసి నల్లబడుతుంది. అంటే ఆ నలుపు కుండలో లేదు, బట్ట మీదే పుడుతుంది!

అరటికాయ తరిగినప్పుడల్లా అమ్మ కత్తిపీట నల్లబడటానికీ ఇదే కారణం. అరటికాయ వగరు, కత్తిపీట ఇనుము. పదేళ్ళు కళ్ళ ముందే ఉన్నా, పరీక్షలో గుర్తుకు రాలేదు. అది చదువు కాదనుకున్నాం కాబోలు.

ఎరుపు సంగతి వేరు. ఎర్రగా కావలసినచోట పటిక నీళ్ళు పూసి, ఆరాక పారే నీటిలో జాడించి, చిరివేరు వంటి వేళ్ళతో ఉడికిస్తారు. పటిక ఉన్నచోటే ఎరుపు నిలుస్తుంది. నిలవ నీటిలో జాడిస్తే మిగులు పటిక పక్కకు పాకి మరకలవుతాయి. అందుకే ఈ కళకు స్వర్ణముఖి నది అవసరమైంది. అది ఏడాది పొడవునా పారే నది కాదు. ఏరు ఎండితే నీళ్ళున్న చోటికి బట్టలు మోసుకెళ్ళాలి. చిరివేరులోని రంగు పదార్థం అలిజరిన్‌ను 1868లో జర్మనీలో గ్రేబ, లీబర్‌మన్‌లు ప్రయోగశాలలో తయారుచేశారు. వేరుకు బదులు దొరికింది గానీ, పారే నీటికి బదులు ఏ ప్రయోగశాలా చేయలేదు.

(ఈ కళలో జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. జి.కె. బిట్‌గా రాసి పెట్టుకోండి.)

సెలవుల్లో మేమూ కుండ పెట్టాం. తొందరపడి ఐదో రోజే తీస్తే బూడిదరంగు గీతలొచ్చాయి. రెండోసారి పద్దెనిమిది రోజులు ఆగాం. మీరు చేస్తే మూతకు గుడ్డ కట్టండి, కుండ వంటగదికి దూరంగా పెట్టండి. వాసన భరించలేక అమ్మ పారబోయబోయింది. ఆ గుడ్డముక్క ఇప్పటికి నాలుగు ఉతుకులు చూసింది. నలుపు అలాగే ఉంది.