చోటు మారినా చెడని కోడ్

సింహాచలం గిరిప్రదక్షిణలో ఒక కుటుంబం కలిసి నడుస్తోందనుకుందాం. "అమ్మమ్మ మనకు నాలుగడుగుల వెనక ఉంది" అన్న మాట తొలిపావంచా దగ్గర ఎంత నిజమో హనుమంతవాక దగ్గరా అంతే నిజం. కాని "గుడి మనకు ఇంత దూరం" అన్నది కాసేపటికే అబద్ధమౌతుంది. మనం కదిలాం, గుడి కదల్లేదు గదా! మెమరీలో ఎక్కడ పెట్టినా పనిచేసే కోడ్ తయారుచేసే అసెంబ్లర్‌కు తెలియవలసిన రహస్యం ఇదే.

8085లో జంప్ ఆదేశాలన్నీ పూర్తి అడ్రసునే అడుగుతాయి. కనుక 1978లో వచ్చిన మోటరోలా 6809ను ఉదాహరణగా తీసుకుందాం. ఇక్కడి అడ్రసులూ, దూరాలూ పదహారు ఆధారంగా రాసినవి.

2000 దగ్గర రెండు బైట్ల బ్రాంచి ఉంది. అది చేరవలసిన లేబుల్ 2012. దూరాన్ని తరువాతి ఆదేశం నుంచి, అంటే 2002 నుంచి కొలవాలి. కోడ్‌లో పడేది 10. ప్రోగ్రామునంతా 1000కి జరిపితే 1002కి 10 కలిపి 1012. గురి తప్పలేదు.

అయితే అన్నిటినీ దూరాలుగా మార్చేస్తే సరిపోతుందా? చాలదు. కిట్‌లోని రామ్ చిప్‌లో 9023 దగ్గర ఒక సబ్‌రొటీన్ ఉందనుకోండి. 2020 దగ్గరి మూడు బైట్ల కాల్‌లో 7000 దూరం రాస్తాం. ప్రోగ్రాము 1000కి జరిగితే ఆ కాల్ 8023కి పోతుంది. అక్కడ ఏముందో దేవుడికెరుక! ఇక్కడ పూర్తి అడ్రసే రాయాలి.

అందుచేత సింబల్ టేబుల్‌లో ప్రతి పేరు పక్కనా "కదిలేది", "కదలనిది" అన్న గుర్తు ఉండాలి. లెక్కలకూ నియమాలున్నాయి. కదిలేదానికి మామూలు సంఖ్య కలిపితే కదిలేదే. కదిలేదాన్లోంచి కదిలేదాన్ని తీసేస్తే మామూలు సంఖ్య. రెండు కదిలేవాటిని కూడితే అర్థం లేదు, తప్పని చెప్పాలి. జంప్ టేబుల్‌లో లేబుల్ అడ్రసును నేరుగా రాసినా ఒప్పుకోకూడదు; టేబుల్ మొదలు నుంచి దాని దూరం రాయమనాలి.

ఇంకొక చిక్కు బ్రాంచి పొడవు. పొట్టి బ్రాంచి మామూలు లెక్కలో వెనక్కి 128, ముందుకు 127 బైట్లు మాత్రమే పోగలదు. ఒకదాన్ని పొడవు చేస్తే లేబుళ్ళు జరిగి, అంతవరకూ అందుతున్న మరొకటి అందకుండా పోవచ్చు. కనుక మొదట అన్నిటినీ పొట్టివే అనుకుని, అందనివాటిని పొడవు చేస్తూ, మార్పు లేనంతవరకూ అడ్రసులను తిరిగి లెక్కించాలి. ఒకసారి పొడవు చేసినదాన్ని మళ్ళీ కుదించకూడదు. అప్పుడే ఈ తిరగడం ఎక్కడో ఒకచోట ఆగుతుందన్న హామీ ఉంటుంది.

ఇదంతా పాతకాలపు ముచ్చట కాదు. నేడు లినక్స్‌లో అనేక ప్రోగ్రాములు పంచుకునే లైబ్రరీలు నిలిచేదీ ఈ సూత్రం మీదనే.

మీరు రాసిన అసెంబ్లర్ సరిగా ఉందో లేదో తేల్చే తేలిక పరీక్ష ఒకటుంది. ఒకే ప్రోగ్రామును 2000 మొదలుగా ఒకసారి, 1000 మొదలుగా ఒకసారి అసెంబుల్ చేయండి. రెండు ఫలితాలనూ బైటుకు బైటు పోల్చండి. ఒక్క బైటు తేడా వచ్చినా, కదిలేదాన్ని కదలనిదిగానో, కదలనిదాన్ని కదిలేదిగానో ఎక్కడో పొరబడ్డారన్నమాట. ఆ బైటు దగ్గరే వెతకడం మొదలుపెట్టండి.