సంచీ లోపలి జేబు

విజయవాడ,
శుక్రవారం రాత్రి

చిన్నోడా,

నీ రూమ్మేటు నీ ఫోను తీసి చూస్తుంటాడన్నావు గనక కాగితం మీద రాస్తున్నా. సంచీలో పెట్టి, పైన నువ్వు కుట్టమన్న రెండు చొక్కాలు మడిచి పంపుతున్నా. బట్టలమూట ఎవడూ తవ్వి చూడడులే.

హెచ్ఐవీ టెస్టులో పాజిటివ్ అని తేలి పదహారు రోజులైంది. ఇంకా మందులిచ్చే ఏఆర్టీ సెంటర్‌కి వెళ్ళలేదు. అక్కడ వరసలో మీ ఊరివాళ్ళెవరైనా కనబడితే ఎట్లా అని నీ భయం. కనబడినవాడు ఊళ్ళో చెప్పాలంటే, ముందు తానక్కడికి ఎందుకెళ్ళాడో చెప్పుకోవాలి కదరా.

అయినా నీ భయాన్ని ఎగతాళి చెయ్యను. ఆ రోజు టెస్టు చేసే ఐసీటీసీ బయట బెంచీ మీద నీ పక్కన కూర్చుని ఒక మాట మింగేశాను. నాకూ ఉంది. 2005లో తెలిసింది. పార్కుల్లో, బస్టాండు వెనకాల ఎంతమందికో ధైర్యం చెప్పిన నోరు, నీ దగ్గర పెగల్లేదు.

ఇప్పుడు మన కుర్రాళ్ళు డేటింగ్ యాపుల్లోనే పలకరించి టెస్టుకి తీసుకొస్తున్నారు, నిన్ను తెచ్చినట్టు. మా రోజుల్లో షాపు కట్టేశాక సంచీలో నిరోధ్ ప్యాకెట్లు, చూపించి చెప్పడానికి చెక్క బొమ్మ వేసుకుని తిరిగేవాణ్ణి. పోలీసు పట్టుకుంటే అవే సాక్ష్యం. 2001లో లక్నోలో ఇదే పని చేస్తున్న నలుగుర్ని, మగాళ్ళ మధ్య కలయికని నేరమనే 377 సెక్షను కింద పట్టుకెళ్ళి నెలకు పైగా జైల్లో పెట్టారని ట్రైనింగులో చెప్పారు. ఆ రాత్రే బొమ్మని కుట్టుమిషను సొరుగులో దాచేశా. ఇంకో తమాషా, రిజిస్టర్లో మనవాళ్ళని ‘కోతి’ అని రాసేవాళ్ళు, ఉత్తరాదిలో మనలాంటివాళ్ళకి వాడే మాట అది. తెలుగు డాక్టరు అది చదివి నవ్వకుండా ఎట్లా ఉంటాడు? మేమూ నవ్వేవాళ్ళం.

ఉచిత మందులు 2004 ఏప్రిల్‌లోనే మొదలయ్యాయి. కానీ సీడీ4, అంటే రక్తంలో రోగాన్ని ఎదిరించే కణాల లెక్క, 200 కిందికి పడితేగానీ, పైకి జబ్బు కనబడని మాలాంటివాళ్ళకి ఇచ్చేవారు కాదు. నాకు 240. ‘తగ్గాక రండి’ అన్నారు. ఏడాదిన్నరకి తగ్గింది, ఇచ్చారు. నాతో తిరిగిన ఒకడు ఆ తగ్గడం కోసం చూస్తూనే టీబీ పట్టి పోయాడు. చివర్లో ఒక పెద్దాసుపత్రిలో వాడి మంచానికి ఎర్ర చీటీ కట్టారు. అన్నం పళ్ళెం కాలితో జరిపారు. నేనక్కడే ఉన్నా.

2017 నుంచి ఆ లెక్క పోయింది. పాజిటివ్ అని తేలితే చాలు, మందు మొదలుపెడతారు. రోజుకొకటే మాత్ర. పాతదానితో నాకు రాత్రంతా పిచ్చి కలలు. ఇప్పటి డోలుటెగ్రావిర్ మాత్రతో నాకు ఆ బాధ లేదు. ఐరన్, కాల్షియం బిళ్ళలు వాడుతుంటే డాక్టరుకి చెప్పు, వేళలు మార్చిస్తారు. మానకుండా వేసుకుని, రక్తంలో వైరస్ వైరల్ లోడ్ పరీక్షకి దొరకనంత తగ్గి, అలాగే ఆర్నెల్లు నిలబడితే కలయికతో నీ నుంచి ఇంకొకరికి రాదు. నిన్ను ఊరడించడానికి అంటున్నది కాదు. యూరప్‌లో ఒకరికి ఉండి ఒకరికి లేని 782 మగజంటల్ని గమనించి 2019లో ప్రచురించారు. కండోమ్ లేకుండా కలిసినా, మందు పనిచేస్తున్నవాళ్ళ నుంచి జోడీకి ఒక్కరికీ అంటలేదు. మిగతా సుఖరోగాలకి మాత్రం కండోమ్ కావాల్సిందే.

నీ స్నేహితుడికి కూడా టెస్టు చేయించాలి. నువ్వు చెప్పలేకపోతే నన్ను పక్కన కూర్చోబెట్టుకో.

ఆఫీసు సంగతి అడిగావు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377 నుంచి మనల్ని తప్పించింది. అదే నెల 10న హెచ్ఐవీ చట్టం అమల్లోకొచ్చింది. నీ అనుమతి లేకుండా నీ సంగతి బయటపెట్టకూడదు, ఇది ఉందన్న ఒక్క కారణంతో ఉద్యోగం తీసెయ్యకూడదు. మొదటిదానికి టీవీల నిండా రంగుల జెండాలు. రెండోది వచ్చినట్టే ఎవరికీ తెలీదు. నీకు అక్కరకొచ్చేది రెండోదే.

ఇక సంచీ. ముప్పై మాత్రల ప్లాస్టిక్ సీసా బస్సు కుదుపుకి గలగలమంటుంది. ఆ చప్పుడికే పక్కసీటువాడికి అంతా తెలిసిపోతుందని నేను సీసాలో దూది కుక్కేవాణ్ణి. దూది తేమ పీలుస్తుందని మందులిచ్చే అమ్మాయి చివాట్లు పెట్టింది. అప్పట్నుంచి సంచీకి లోపల మందపాటి అస్తరు వేసి, సీసా బిగుతుగా పట్టేలా జేబు కుట్టుకుంటున్నా. నీదీ అదే కొలత. సీసాలో ఉండే చిన్న పొట్లం పారెయ్యకు, మాత్రలు వేరే డబ్బాలో పొయ్యకు.

సోమవారం ఎనిమిదింటికి మీ ఎమ్జీబీఎస్ బస్టాండులో దిగుతాను, కలిసి ఏఆర్టీ సెంటర్‌కి వెళ్దాం. టెస్టు రిపోర్టు, ఆధార్, రెండు ఫోటోలు తెచ్చుకో. రక్తపరీక్షలు, కౌన్సెలింగు అన్నీ అయ్యేసరికి మధ్యాహ్నమవుతుంది, సెలవు పెట్టెయ్. ముందు టిఫిన్ చేద్దాం. నా మాత్ర వేళ తొమ్మిది. ఈసారి నీ ఎదురుగానే వేసుకుంటాను.

నీ
టైలర్ బాబాయ్