కస్టమ్ వాటర్ కూలింగ్: రేడియేటర్, ఫ్యాన్లు, పంపు కొనే ముందు మీ గది టెంపరేచర్ చూసుకోండి

గేమింగ్ పీసీకి కస్టమ్ వాటర్ లూప్ పెట్టుకోవాలని చాలామందికి ఉంటుంది. గ్లాస్ ప్యానెల్ వెనక ట్యూబుల్లో కూలెంట్ తిరుగుతుంటే చూడటానికి బాగుంటుంది, కాదనను. కానీ పార్టుల లిస్ట్ దగ్గరికి వచ్చేసరికి యూట్యూబ్‌లో చూసిన ఏదో ఒక బిల్డ్‌ని ఉన్నదున్నట్టు కాపీ కొట్టేస్తారు. ఆ బిల్డ్ 22 డిగ్రీల గదిలో చేసింది అయ్యుండొచ్చు. మన దగ్గర మే నెలలో ఏసీ లేని గది 38, 40 డిగ్రీలకు వెళ్లడం మామూలే. ఈ ఒక్క తేడాతో లిస్ట్ మొత్తం మారిపోతుంది. ఎలాగో లెక్క వేసి చూద్దాం. భయపడకండి, ఇంటర్ ఫిజిక్స్ చాలు.

ముందు ఒక బేసిక్ విషయం

రేడియేటర్ నీటిలోని వేడిని గదిలో గాలికి ఇస్తుంది, అంతే. కాబట్టి ఎంత ఖర్చు పెట్టినా నీళ్లు గది టెంపరేచర్ కంటే చల్లగా అవ్వవు. గదికీ నీటికీ మధ్య ఉండే తేడానే డెల్టా అంటారు. గది 40 డిగ్రీలు, డెల్టా 10 అయితే నీళ్లు 50 డిగ్రీలు అన్నమాట.

దీనికి ఒక హద్దు ఉంది. డీ5, డీడీసీ లాంటి పంపులకు నీటి టెంపరేచర్ 60 డిగ్రీలు దాటకూడదని స్పెసిఫికేషన్‌లోనే ఉంటుంది. పీఈటీజీ హార్డ్ ట్యూబులు కూడా వేడికి మెత్తబడతాయి. మెత్తబడ్డ ట్యూబు ఫిట్టింగ్ నుంచి జారితే నీళ్లు పడేది మీ గ్రాఫిక్స్ కార్డ్ మీదే. అందుకే ఎండాకాలంలో గేమ్ ఆడుతున్నా నీళ్లు 50 డిగ్రీల దగ్గరే ఉండేలా ప్లాన్ చేసుకోవడం సేఫ్.

ఒక నిజమైన లిస్ట్ చూద్దాం

విజయవాడలో ఉండే మా ఫ్రెండ్ ఈ మధ్య తన లిస్ట్ పంపి చూడమన్నాడు. ఆర్టీఎక్స్ 4080, రైజెన్ 7 7800ఎక్స్3డీ, ఒకే ఒక్క 240 రేడియేటర్. గదిలో ఏసీ లేదు.

వేడి లెక్క ఇలా ఉంటుంది. 4080 ఫుల్ లోడ్‌లో 320 వాట్లు. గేమ్స్‌లో ఈ సీపీయూ సుమారు 80 వాట్లు. పంపుకి ఇంకో 20. మొత్తం 420 వాట్లు.

ఇప్పుడు బిల్డర్లు ఎక్కువగా వాడే అంచనా ఒకటి: 1200 నుంచి 1500 ఆర్పీఎం ఫ్యాన్ ఉన్న ఒక్కో 120 ఎంఎం రేడియేటర్ సెక్షన్, 10 డిగ్రీల డెల్టా దగ్గర సుమారు 100 వాట్లు బయటికి పంపుతుంది. వేడి రెట్టింపైతే డెల్టా కూడా దాదాపు రెట్టింపవుతుంది. ఇది రఫ్ లెక్కే, మోడల్‌ని బట్టి మారుతుంది. కానీ ప్లానింగ్‌కి సరిపోతుంది.

240 ఒక్కటే పెడితే సెక్షన్‌కి 210 వాట్లు, డెల్టా 21. గది 40 అయితే నీళ్లు 61 డిగ్రీలు. హద్దు దాటేసింది.

360 ఒక్కటే పెడితే సెక్షన్‌కి 140 వాట్లు, డెల్టా 14, నీళ్లు 54. నడుస్తుంది, కానీ పెద్దగా మార్జిన్ లేదు.

360, 240 రెండూ పెడితే సెక్షన్‌కి 84 వాట్లు, డెల్టా ఎనిమిదిన్నర లోపే. నీళ్లు 48 చిల్లర. హాయిగా ఉంటుంది.

అదే 240ని 22 డిగ్రీల గదిలో పెడితే నీళ్లు 43 డిగ్రీలే. అవే పార్టులు, అదే గేమ్, ఊరు మాత్రమే మారింది. వాడికి రెండు రేడియేటర్లు పట్టే కేస్ తీసుకోమని చెప్పాను. మీ గదిలో గేమ్ ఆడేటప్పుడు ఏసీ తప్పకుండా ఉంటుందంటే 360తో ఆగొచ్చు.

రేడియేటర్: సైజే ముఖ్యం

మందం కంటే వైశాల్యానికి డబ్బు పెట్టండి. 280 రేడియేటర్‌లో 140 ఎంఎం ఫ్యాన్లు రెండు పడతాయి. దాని వైశాల్యం 240 కంటే 36 శాతం ఎక్కువ, 360 కంటే 10 శాతం లోపే తక్కువ. 360 పట్టని కేస్‌కి ఇది మంచి ఆప్షన్.

తర్వాత ఫిన్స్ చూడండి. ఇంచికి ఎన్ని ఫిన్స్ అన్నది ఎఫ్‌పీఐ అని రాస్తారు. 20 దాటితే గాలి తోయడానికి ఫ్యాన్ స్పీడ్ పెంచాలి, పైగా మన దుమ్ముకి త్వరగా మూసుకుపోతుంది. 16 లోపు ఉంటే తక్కువ స్పీడ్‌లో కూడా బాగా పనిచేస్తుంది, బ్రష్‌తో శుభ్రం చేయడం ఈజీ.

లోహం విషయంలో మాత్రం రాజీ వద్దు. వాటర్ బ్లాకులు ఎక్కువగా రాగివే, నికెల్ పూత ఉన్నా లోపల రాగే. అలాంటి లూప్‌లో చవగ్గా వస్తుందని అల్యూమినియం రేడియేటర్ కలిపితే అల్యూమినియం తినేసుకుపోతుంది. దాన్నే గాల్వానిక్ కరోజన్ అంటారు. రాగి లేదా ఇత్తడి రేడియేటరే తీసుకోండి.

కొనే ముందు టేపుతో కొలవండి. 30 ఎంఎం రేడియేటర్‌కి 25 ఎంఎం ఫ్యాన్ కలిపితే 55 ఎంఎం. పైన పెడితే ర్యామ్‌కి తగలకూడదు, ముందు పెడితే గ్రాఫిక్స్ కార్డ్ పొడవుకి అడ్డు రాకూడదు.

ఫ్యాన్లు: బాక్స్ మీద సీఎఫ్ఎం చూసి మోసపోవద్దు

గాలికీ ఒక లెక్క ఉంది. 1 సీఎఫ్ఎం గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు అర వాట్ మోసుకెళ్తుంది. రెండు ఫ్యాన్లు రేడియేటర్ గుండా నిజంగా 60 సీఎఫ్ఎం తోశాయనుకుందాం. 420 వాట్లకు ఆ గాలే 14 డిగ్రీలు వేడెక్కుతుంది. అంటే నీళ్లు గది కంటే కనీసం 14 డిగ్రీలు పైన ఉండాల్సిందే. 60 ఎంఎం మందం రేడియేటర్ తెచ్చినా ఈ లెక్క మారదు, ఎందుకంటే గాలి అంతే ఉంది. మందం రేడియేటర్‌కి నెమ్మది ఫ్యాన్లు పెట్టడం అందుకే దండగ.

ఇంకోటి, బాక్స్ మీద సీఎఫ్ఎం ఎదురుగా ఏమీ లేనప్పుడు కొలిచింది. రేడియేటర్ అడ్డం పెట్టాక అంత రాదు. అడ్డాన్ని దాటి గాలిని తోసే శక్తిని స్టాటిక్ ప్రెషర్ చెప్తుంది. 120 ఎంఎం సైజులో 2 ఎంఎం హెచ్2ఓ పైన ఉంటే మంచిది. నాక్టువా ఎన్ఎఫ్-ఏ12ఎక్స్25 రేటింగ్ 2.34. దానికంటే బాగా చవకైన ఆర్కిటిక్ పీ12 రేటింగ్ 2.20. సౌండ్ క్వాలిటీలో నాక్టువా ముందుంటుంది. కానీ ఐదు ఫ్యాన్లు కొనాల్సినప్పుడు, మిగిలే డబ్బుతో రెండో రేడియేటర్ వస్తుందంటే నేను పీ12నే తీసుకుంటాను.

ఫ్యాన్ కర్వ్‌ని సీపీయూ టెంపరేచర్‌తో కాకుండా నీటి టెంపరేచర్ సెన్సార్‌తో లింక్ చేయండి. సీపీయూ క్షణంలో 20 డిగ్రీలు ఎగిరి దిగుతుంది, దాంతో ఫ్యాన్లు ఊరికే గోల చేస్తాయి. నీళ్లు నిదానంగా వేడెక్కుతాయి, ఫ్యాన్లూ నిదానంగా మారతాయి.

పంపు: ఎక్కువ స్పీడ్ అంటే ఎక్కువ కూలింగ్ కాదు

నిమిషానికి 1 లీటర్ నీళ్లు తిరిగితే ప్రతి డిగ్రీకి దాదాపు 70 వాట్లు మోస్తాయి. 420 వాట్లకు లూప్‌లో వేడి చోటికీ చల్లటి చోటికీ 6 డిగ్రీల తేడా వస్తుంది. నిమిషానికి 4 లీటర్లు చేస్తే ఆ తేడా ఒకటిన్నర డిగ్రీ. 8 లీటర్లు చేస్తే ముప్పావు డిగ్రీ. అంటే 4 దాటాక పంపు చప్పుడు పెరుగుతుంది గానీ లాభం పెద్దగా లేదు.

మార్కెట్‌లో ముఖ్యంగా రెండు రకాలు. డీ5 నిశ్శబ్దంగా ఉంటుంది, హెడ్ సుమారు 3.9 మీటర్లు. డీడీసీ చిన్నది, కొన్ని మోడల్స్‌లో హెడ్ 5 మీటర్ల దాకా ఉంటుంది, కానీ అదే ఎక్కువ వేడెక్కుతుంది. రెండు రేడియేటర్లు, రెండు బ్లాకులు ఉన్న మామూలు లూప్‌కి ఒక్క డీ5 చాలు. మన ఎండలకు నా ఓటు దానికే.

రెండు జాగ్రత్తలు. డీ5 పవర్‌ని మదర్‌బోర్డ్ ఫ్యాన్ హెడర్ నుంచి తీసుకోవద్దు. ఆ హెడర్ సాధారణంగా 1 ఆంపియర్, అంటే 12 వాట్లే ఇస్తుంది. పంపు 20 వాట్ల పైన లాగగలదు. పవర్ నేరుగా పీఎస్‌యూ నుంచి, కంట్రోల్ వైర్ మాత్రమే హెడర్‌కి. ఇక నీళ్లు లేకుండా పంపుని ఒక్క క్షణం కూడా తిప్పొద్దు, దాని బేరింగ్‌కి ఆ నీళ్లే లూబ్రికెంట్.

బడ్జెట్ ఏ వరుసలో పెట్టాలి?

ముందు రేడియేటర్ వైశాల్యం, తర్వాత ప్రెషర్ ఉన్న ఫ్యాన్లు, తర్వాత ఒక మంచి పంపు, నీటి టెంపరేచర్ సెన్సార్ ఒకటి. ఆర్‌జీబీ, డిస్ట్రిబ్యూషన్ ప్లేట్, ఫ్యాన్సీ ఫిట్టింగులు అన్నీ వీటి తర్వాతే. ఇవన్నీ పెట్టే బడ్జెట్ లేకపోతే ఒక మంచి ఎయిర్ కూలర్ తీసుకోండి. 7800ఎక్స్3డీ లాంటి సీపీయూకి అది చాలు, లీక్ భయం కూడా ఉండదు.

ఆర్డర్ పెట్టే ముందు ఒక పని చేయండి. మధ్యాహ్నం 3 గంటలకు, పీసీ పెట్టే టేబుల్ దగ్గర ఒక థర్మామీటర్ పెట్టి చూడండి. ఎండాకాలం కాకపోతే మే నెలకి ఇంకొన్ని డిగ్రీలు కలుపుకోండి. ఆ నంబర్‌కి మీ డెల్టా కలిపితే 50 దగ్గర ఆగుతుందా? ఆగితే ధైర్యంగా కొనండి. ఆగకపోతే ఇంకో రేడియేటర్‌కి చోటున్న కేస్ వెతకండి.