జాబితాలో పేరు లేనివానికి ఓటు లేదు

1936వ సంవత్సరమున పిఠాపురము మహారాజావారు జస్టిస్ పార్టీనుండి వెలువడి పీపుల్స్ పార్టీని స్థాపించి, మరుసటి యేడు మదరాసు శాసనసభకు జరిగిన ఎన్నికలలో దానిని నిలిపిననాడు, ఆ సంస్థానపు పొలములను దున్ని, ఊడ్చి, కోసి, కుప్పవేసిన కూలిజనములో అధికసంఖ్యాకులకు ఓటు లేదు. శిస్తు కట్టువారు, పన్ను చెల్లించువారు, అక్షరములు నేర్చినవారు మొదలైన కొలది వర్గములకే ఆ దినములలో ప్రతినిధుల నెన్నుకొను అధికారము పరిమితమై యుండెను. రాజ్యాంగములోని 326వ అధికరణము ఆ అంతరములను ఒక్కమారుగ తొలగించి వయోజనులందరకును ఓటు నొసగెను. 61వ సవరణ 1989లో అమలునకు వచ్చి, ఓటరు వయస్సును 21 నుండి 18 ఏండ్లకు తగ్గించెను. నేడు పోలింగు కేంద్రమునకు వచ్చినవానిని నీకు పొలమెంత, చదువెంత అని అడుగువారు లేరు. జాబితాలో నీ పేరున్నదా యను ప్రశ్న యొక్కటే మిగిలినది. ఆ ప్రశ్నను ముందుగా వేసికొనకపోవుటచేత హక్కుండియు ఓటు వేయలేక వెనుదిరుగువారిని చూచినపుడెల్ల మనస్సు కలుక్కుమనును.

పొరపాటు జరిగినచో న్యాయస్థానము దిద్దునుగదా యని కొందరు ధైర్యముగ నుందురు. ఆ ధైర్యమునకు గల హద్దును ప్రతి పౌరుడును ఎరుగవలెను. మన గోదావరి ప్రాంతము మదరాసు రాష్ట్రములో నున్న కాలముననే, నామక్కల్లులో నామినేషను తిరస్కరింపబడిన పొన్నుస్వామి యను అభ్యర్థి సుప్రీంకోర్టు నాశ్రయింపగా, ఓటు వేయుటయు, పోటీచేయుటయు శాసనమిచ్చిన హక్కులనియు, ఎన్నికల ప్రక్రియ ఆరంభమైన పిమ్మట నడుమ కోర్టులు కల్పించుకొనరాదనియు, ఫిర్యాదు లున్నచో ఎన్నిక ముగిసిన తరువాత ఎన్నికల పిటిషను రూపముననే విచారింపబడవలెననియు ఆ న్యాయస్థానము 1952 జనవరిలో తీర్పు చెప్పెను. ఏడు దశాబ్దములు గడచినను, నడుమ కోర్టులు కల్పించుకొనరాదను ఆ సూత్రము చెక్కుచెదరలేదు. ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తియై, పిమ్మట సుప్రీంకోర్టునకు వెళ్ళిన జస్టిస్ పి. వెంకటరామ రెడ్డిగారు 2003లో, ఓటు ప్రాథమిక హక్కు కాకున్నను రాజ్యాంగపు హక్కేననియు, ఎవరికి వేయవలెనో నిర్ణయించుకొను స్వేచ్ఛ మాత్రము భావప్రకటన స్వాతంత్ర్యములో భాగమనియు వివరించిరి. అభ్యర్థి తన ఆస్తులను, తనపై గల కేసులను అఫిడవిట్టులో బయటపెట్టుట ఆనాటి తీర్పుల ఫలము. యంత్రముపై నోటా మీట 2013 నాటి తీర్పు ఫలము. కాని యివి యన్నియు జాబితా కెక్కినవానికే ఉపకరించును.

ఈ సత్యము మన పల్లెలకు 2021లో అనుభవమునకు వచ్చినది. రాష్ట్రములోని గ్రామపంచాయతీల పాలకవర్గముల గడువు 2018 ఆగస్టులోనే ముగిసినది. గడువు తీరకముందే ఎన్నిక జరుపవలెనని రాజ్యాంగము శాసించుచున్నను, రెండున్నర సంవత్సరములు గ్రామములు ప్రత్యేకాధికారుల పాలనలో నుండెను. రాష్ట్ర ఎన్నికల కమిషనరు నిమ్మగడ్డ రమేశ్ కుమార్ గారిని తొలగించిన ఆర్డినెన్సును హైకోర్టు కొట్టివేయుట, పిమ్మట కరోనా వ్యాధి కారణముగ ప్రభుత్వము వాయిదా కోరుట, ఎన్నికల సంఘము వలదనుట, ఇదంతయు పాఠకులు ఎరిగినదే. 2021 జనవరి 11న హైకోర్టు ఏకసభ్య న్యాయమూర్తి ఎన్నికల షెడ్యూలును నిలిపివేసిరి. 21న ధర్మాసనము ఆ యుత్తర్వును రద్దుచేసెను. జాతీయ ఓటరు దినోత్సవమైన 25వ తేదీననే సుప్రీంకోర్టు అప్పీళ్ళను త్రోసిపుచ్చెను. ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా పోలింగు జరిగినది. ఆ తీర్పులే లేకున్నచో సర్పంచి నెన్నుకొను హక్కు పల్లెజనులకు ఇంకను ఎన్నాళ్ళు దూరమై యుండెడిదో! అయినను ఆ యెన్నికలు 2019 జాబితాతో జరిగినవి. సవరించిన జాబితా సిద్ధము కానందున, నడుమ 18 ఏండ్లు నిండిన సుమారు 3.60 లక్షల యువజనులకు ఓటు లేకపోవుచున్నదని ఎన్నికల కమిషనరే చెప్పిరి. ఈ కారణముపై హైకోర్టులో పిటిషను పడినను పోలింగు ఆగలేదు. ఒకే యెన్నికలో గ్రామమునకు హక్కు దక్కినది, అదే గ్రామములోని పందొమ్మిదేండ్ల పడుచునకు దక్కలేదు. ఆ యువకులు తమ తప్పిదమేమియు లేకయే నష్టపోయిరి. వారి ఆవేదన ధర్మమైనదని నేను నమ్ముచున్నాను.

పేరు ఎక్కకపోవుట యొకటి, ఎక్కిన పేరు తొలగిపోవుట మరియొకటి. 2019 ఎన్నికలకు ముందు మన రాష్ట్రమున, ఓటర్లకు తెలియకుండనే వారి పేర్లు తీసివేయుడని కోరుచు ఫారము 7 దరఖాస్తులు లక్షల సంఖ్యలో వచ్చి, పోలీసు కేసుల వరకు పోయినవి. ఇట్టి సందర్భమున పౌరునకు అండ 1995 నాటి లాల్ బాబు హుస్సేన్ కేసు తీర్పు: పూర్వపు జాబితాలో నున్న పేరునకు విలువ నీయవలెను, నోటీసు నిచ్చి, ఆధారములు చూపుటకు అవకాశ మొసగనిదే తొలగింపరాదు. బీహారులో 2025లో జరిగిన ప్రత్యేక సవరణలో సుమారు 65 లక్షల పేర్లు ముసాయిదా జాబితా కెక్కకపోగా, ఆ పేర్లను కారణములతో సహా ప్రకటింపుడని సుప్రీంకోర్టు ఆగస్టు 14న ఆదేశించుటయు ఈ న్యాయమునకు అనుగుణమైనదే. ఫారము 7లో తెలిసి తెలిసి అబద్ధము వ్రాసినవానికి ఒక సంవత్సరము వరకు జైలుశిక్ష పడవచ్చును.

ఇక పాఠకులు చేయవలసిన పని. పోలింగు దినమున గాక, ముసాయిదా జాబితా వెలువడిననాడే పేరు చూచుకొనవలెను. బూత్ లెవెల్ అధికారివద్దనో, 1950 నంబరునకు ఫోను చేసియో తెలిసికొనవచ్చును. క్రొత్త పేరునకు ఫారము 6, తప్పులు దిద్దుటకును ఇల్లు మారినప్పుడును ఫారము 8. పూర్వమువలె జనవరి 1 యొక్కటే గాక, ఏప్రిల్, జూలై, అక్టోబరు మొదటి తేదీలుకూడ ఇప్పుడు వయస్సు లెక్కకు అర్హత దినములు. నామినేషన్ల గడువు ముగిసిన పిమ్మట పేరు చేర్చుటకు వీలులేదు. దరఖాస్తుపై అభ్యంతరములకు ఏడు దినములు వేచియుండవలెను గనుక చివరి దినమున పెట్టిన దరఖాస్తు సాధారణముగ ఫలింపదు. ఎన్నికల రిజిస్ట్రేషను అధికారి నిరాకరించినచో 15 దినములలో జిల్లా కలెక్టరునకును, అటుపై 30 దినములలో రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారికిని అప్పీలు చేసికొనవచ్చును. దరఖాస్తు రసీదు భద్రపరచుట మరువరాదు. గల్ఫు దేశములకు పోయిన మన జిల్లా ఆడపడుచులు, అన్నదమ్ములు ఫారము 6ఏ ద్వారా సొంత ఊరి జాబితాలోనే చేరవచ్చును. అయితే ఓటు వేయుటకు పాస్‌పోర్టుతో స్వయముగ ఊరికి రావలెను. ఇంతదూరమునుండి వచ్చి ఒక్క మీట నొక్కి పోవుట ఎందరికి సాధ్యము? ఈ నిబంధనను పార్లమెంటు మార్చవలెను.

మన ఓటును అంతకుముందే వేరొకరు వేసి పోయినారని పోలింగు అధికారి చెప్పినచో, కంటనీరు పెట్టుకొని ఇంటికి పోవలదు. గుర్తింపు ప్రశ్నలకు సరియైన జవాబులు చెప్పినవారికి టెండరు బ్యాలెట్టు కాగితము ఈయవలెనని 49పి నిబంధన. ఆ కాగితము మామూలు లెక్కింపులో చేరదు. కాని ఎన్నిక వివాదమై హైకోర్టుకెక్కినచో ప్రాణము పోసికొనును. రాజస్థానములోని నాథద్వారలో 2008లో 62,216 ఓట్లకు 62,215 ఓట్లుగా, ఒక్క ఓటు తేడాతో గెలుపోటములు తేలినప్పుడు, వివాదము సుప్రీంకోర్టు దాక పోయి, అచటి టెండరు ఓట్లపైననే వాదోపవాదములు సాగినవి. అట్టి పిటిషను వేయుటకు ఓడిన అభ్యర్థియే కానక్కరలేదు. ఫలితము వెలువడిన 45 దినములలోపల ఆ నియోజకవర్గపు ఏ ఓటరైనను వేయవచ్చును.