గుండెపోటు తరువాత ఇంటి దగ్గర: ఫోను, బి.పి. మిషను, వాచీ ఎంతవరకు సాయం?

గుండెపోటు వచ్చినవారు ఆసుపత్రిలో ఉండేది సాధారణంగా కొద్ది రోజులే. ఆ రోజుల్లో నర్సులు వేళకు మాత్రలు ఇస్తారు, బి.పి. చూస్తారు, గుండె కొట్టుకునే తీరును మానిటరు మీద గమనిస్తూ ఉంటారు. డిశ్చార్జి అయి ఇంటికి వెళ్ళిన మరునాటి నుండి ఆ పనులన్నీ మీవే. స్టెంటు వేయించుకున్నవారిలో చాలామంది "ఇక జబ్బు నయమైపోయింది" అనుకుంటారు. స్టెంటు మూసుకుపోయిన రక్తనాళాన్ని ఆ ఒక్కచోట తెరిచి ఉంచుతుంది, అంతే. మిగతా రక్తనాళాల్లో కొవ్వు పేరుకునే గుణం అలాగే ఉంటుంది. దానిని అదుపులో పెట్టేవి మాత్రలు, ఆహారం, నడక, పొగ మానడం.

ఇప్పుడు చాలా ఇళ్ళలో స్మార్ట్‌ఫోను ఉంది. ఇంట్లో బి.పి. చూసుకునే మిషన్లు, వేలికి తగిలించే ఆక్సిమీటర్లు మందుల షాపుల్లోనే దొరుకుతున్నాయి. గుండె చప్పుడు లెక్కపెట్టే వాచీలు పిల్లలు కొనిపెడుతున్నారు. ఇవన్నీ కోలుకునేవారికి సాయపడతాయా? సాయపడతాయి, కానీ అన్నీ ఒకేలా కాదు. ఏది దేనికి పనికివస్తుందో తెలియకపోతే వాటి వలన ప్రమాదం కూడా ఉంది.

మాత్రలు తప్పకుండా చూసుకోవడం

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే కాబట్టి ముందుగా దీని గురించి చెప్పుకుందాం. గుండెపోటుకు స్టెంటు వేసినవారికి రక్తం గడ్డకట్టకుండా రెండు రకాల మాత్రలు ఇస్తారు. ఒకటి ఆస్పిరిన్. రెండవది క్లోపిడోగ్రెల్, ప్రాసుగ్రెల్, టికాగ్రెలార్‌లలో ఏదో ఒకటి. ఈ రెండూ కలిపి సాధారణంగా 12 నెలలు వాడాలి. రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉన్నవారికి డాక్టరు ఈ గడువును మార్చవచ్చు. మొదటి నెలల్లో వీటిని మీ అంతట మీరు మానేస్తే స్టెంటు లోపలే రక్తం గడ్డకట్టి మళ్ళీ గుండెపోటు రావచ్చు. అలా వచ్చిన గుండెపోటులో ప్రాణాపాయం చాలా ఎక్కువ. పన్ను పీకించుకోవడానికి వెళ్ళినచోట "రెండు రోజులు మాత్రలు ఆపి రండి" అన్నా సరే, గుండె డాక్టరును అడగకుండా ఆపవద్దు.

నిజానికి మాత్రలు మానేసినవారిలో చాలామంది మానాలని నిర్ణయించుకుని మానరు. మాత్రలు అయిపోతాయి, ఊళ్ళో షాపులో ఆ పేరు దొరకదు. పెళ్ళికి వెళ్ళినప్పుడు మాత్రల సంచి ఇంట్లో ఉండిపోతుంది. నెలలు గడిచేకొద్దీ "బాగానే ఉన్నాను కదా" అనిపిస్తుంది. టికాగ్రెలార్ రోజుకు రెండుసార్లు వేసుకోవాలి. పొద్దున్న మాత్ర గుర్తుంటుంది, రాత్రిది తప్పిపోతుంది. ఆ మాత్రతో కొందరికి ఆయాసంగా అనిపిస్తుంది. అలా అనిపిస్తే డాక్టరుకు చెప్పండి, మార్చవలసివస్తే ఆయనే మారుస్తారు. మీరు మానవద్దు.

ఇక్కడ మీ ఫోనులోని అలారం ఒక్క రూపాయి ఖర్చు లేకుండా పనికివస్తుంది. పొద్దున్న మాత్రలకు ఒకటి, రాత్రి మాత్రలకు ఒకటి పెట్టుకోండి. మూడవది కూడా పెట్టండి: మాత్రలు అయిపోయే తేదీకి వారం ముందు మోగేటట్లు. ఈ మూడవదాన్ని గుర్తుపెట్టుకునేవారు తక్కువ. పండుగ సెలవుల్లో షాపు మూసి ఉన్నప్పుడు దాని విలువ తెలుస్తుంది. మాత్ర మింగిన తరువాతే అలారం ఆపండి. ముందు ఆపి, "అన్నం తిన్నాక వేసుకుందాంలే" అనుకుంటే మరిచిపోవడం ఖాయం.

అయితే ఆ ఫోను ఎవరిది? ఇంట్లో ఒకే ఫోను ఉండి అది కొడుకు జేబులో ఉద్యోగానికి వెళ్ళిపోతే, తండ్రిగారి మాత్రల అలారం ఎక్కడో ఆఫీసులో మోగుతుంది. అలాంటి ఇంట్లో ఒక చిన్న బటన్ల ఫోను రోగి దగ్గరే ఉంచండి. దానిలోనూ అలారం ఉంటుంది. దానికి తోడు వారానికి సరిపడా అరలున్న మాత్రల డబ్బా కొనండి. అలారం వేళ మాత్రమే చెబుతుంది. వేసుకున్నారో లేదో డబ్బాలో ఆ రోజు అర చూస్తే తెలుస్తుంది.

ఇంకొక పని. ప్రతి మాత్ర స్ట్రిప్పును పేరు కనబడేటట్లు ఫోటో తీసి ఫోనులో ఉంచుకోండి. ఒకే మందును వేరువేరు కంపెనీలు వేరువేరు పేర్లతో అమ్ముతాయి. పాత స్ట్రిప్పు, కొత్త స్ట్రిప్పు రెండు వేరు మందులనుకుని ఒకే మందును రెండింతలు మింగే ప్రమాదం ఉంది. షాపులో పేరు మార్చి ఇస్తే, కంపెనీ పేరు కింద చిన్న అక్షరాలలో ఉండే అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో పాత ఫోటోతో సరిచూడండి.

ఫోను సందేశాల మీద పరిశోధనలు కూడా జరిగాయి. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో గుండె రక్తనాళాల జబ్బు ఉన్న 710 మందితో చేసిన అధ్యయనం 2015లో వెలువడింది. వారిలో సుమారు సగం మందికి ఆరు నెలలపాటు వారానికి నాలుగు ఎస్.ఎం.ఎస్.లు పంపారు. నడవండి, పొగ మానండి, కూరగాయలు తినండి అన్నటువంటి మామూలు సందేశాలే. ఆరు నెలల తరువాత వారిలో చెడు కొలెస్ట్రాలు, బి.పి. కొంత తక్కువగా ఉన్నాయి. సందేశాలు అందనివారిలో 43 శాతం పొగతాగుతుంటే, అందినవారిలో 26 శాతమే తాగుతున్నారు. కానీ అదే దేశంలో 1424 మందికి చేసిన మరో అధ్యయనం 2022లో వచ్చింది. ఏడాదిపాటు సందేశాలు పంపినా మాత్రలు వేసుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కాబట్టి ఫోను మోగింది కదా అని ఊరుకోవద్దు. ఇంట్లో ఒక మనిషి "వేసుకున్నారా?" అని అడగడం ఇంకా అవసరమే.

ఇంట్లో బి.పి. చూసుకోవడం

వాచీకి, బి.పి. మిషనుకు రెండిటికీ డబ్బు లేకపోతే మిషనే కొనండి. మణికట్టుకు కట్టేది కాకుండా మోచేతిపైన దండకు పట్టీ చుట్టేది తీసుకోండి. పట్టీ మీ చేతి లావుకు సరిపోవాలి; బిగుతైన చిన్న పట్టీ బి.పి.ని ఎక్కువగా చూపిస్తుంది.

చూసుకునే ముందు అరగంట కాఫీ, టీ, పొగ, నడక ఉండకూడదు. మూత్రవిసర్జన చేసి వచ్చి, కుర్చీలో వీపు ఆనించి, కాళ్ళు నేలకు ఆనించి ఐదు నిమిషాలు ఊరకే కూర్చోండి. చేతిని బల్లమీద గుండె ఎత్తున ఉంచండి. మాట్లాడవద్దు. పొద్దున్న మాత్రలు వేసుకోకముందు, మళ్ళీ రాత్రి, ప్రతిసారి ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూడండి. డాక్టరు దగ్గరకు వెళ్ళే ముందు వారం రోజులు ఇలా చూసి తేదీతో రాయండి. ఫోనులో రాసినా, నోటు పుస్తకంలో రాసినా విలువ ఒకటే.

ఒక్కసారి 150 కనబడిందని భయపడి అదనంగా మాత్ర వేసుకోవద్దు. 110 కనబడిందని మాత్ర మానవద్దు. డాక్టరు చూసేది వారం రోజుల సరాసరిని. అయితే లేచి నిలబడగానే కళ్ళు తిరిగి, పై అంకె 100 లోపు ఉంటున్నట్లయితే అపాయింట్‌మెంటు వరకు ఆగకుండా ఫోను చేయండి. గుండె పంపింగు తగ్గిందని మీకు చెప్పి ఉంటే బరువు కూడా రోజూ పొద్దున్నే చూసి రాయాలి. మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి పెరిగితే అది కొవ్వు కాదు, ఒంట్లో చేరిన నీరు. వెంటనే తెలియజేయండి.

నడక, అడుగుల లెక్క

చదునైన నేలమీద ఐదు పది నిమిషాల నడకతో మొదలుపెట్టి, డాక్టరు చెప్పిన ప్రకారం కొద్దికొద్దిగా పెంచుతూ అరగంట వరకు వెళ్ళాలి. ఫోను, వాచీ అడుగులు లెక్కపెడతాయి. నిన్నటికంటే ఈరోజు ఎంత నడిచారో తెలుస్తుంది. కానీ "రోజుకు 10,000 అడుగులు" అనే లెక్కను పట్టుకోవద్దు. అది 1965లో జపానులో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరు నుండి వచ్చింది, వైద్య పరీక్షల నుండి కాదు.

వాచీలు 220 నుండి వయసు తీసివేసి "మీ గుండె ఇంత వేగంగా కొట్టుకోవాలి" అని చూపిస్తాయి. మెటోప్రోలాల్, బిసోప్రోలాల్ వంటి మాత్రలు వాడేవారికి ఈ లెక్క వర్తించదు. ఆ మాత్రల పనే గుండె వేగాన్ని తగ్గించడం. వాచీ చెప్పిన అంకెను అందుకోవాలని ఆయాసపడుతూ నడిస్తే హాని. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం. మాట తెగిపోతుంటే తగ్గించండి.

వ్యాయామ శిక్షణ కోసం వారానికి రెండు మూడు సార్లు పెద్ద ఆసుపత్రికి రావడం పల్లెల్లో ఉన్నవారికి కష్టం. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండులో గుండెపోటు వచ్చిన 120 మందితో చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఫోను ద్వారా ఇంట్లోనే శిక్షణ పొందినవారిలో 80 శాతం దానిని పూర్తిచేశారు. కేంద్రానికి వెళ్ళవలసినవారిలో పూర్తిచేసింది 47 శాతమే. అయితే అక్కడ ఫోనుకు అవతల ప్రతి వారం మాట్లాడే మనిషి ఉన్నారు. ఊరకే యాప్ ఒకటి దించుకోవడం దానికి సమానం కాదు.

వాచీ చెప్పలేనిది

ఈ పుస్తకంలో మిగతాది మరిచిపోయినా ఈ భాగం ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. వాచీ గుండెపోటును కనిపెట్టలేదు. కొన్ని వాచీలు ఇ.సి.జి. తీస్తాయి; అవి గుండె లయ తప్పడాన్ని కొంతవరకు పట్టగలవు. ఆసుపత్రిలో తీసే ఇ.సి.జి. గుండెను 12 కోణాల నుండి చూస్తుంది, వాచీ చూసేది ఒక్క కోణం నుండి. వాచీలో "అంతా మామూలే" అని వచ్చినా, ఆక్సిమీటరులో 98 కనబడినా, బి.పి. బాగానే ఉన్నా గుండెపోటు వస్తూ ఉండవచ్చు.

ఛాతీలో బరువు, బిగుతు, మంట, ఎడమ చేతికో దవడకో వీపుకో పాకే నొప్పి, చల్లని చెమటలు, కారణం లేని ఆయాసం కనబడితే అంకెలు చూస్తూ కూర్చోవద్దు. షుగరు ఉన్నవారిలో, ఆడవారిలో, పెద్ద వయసువారిలో నొప్పి లేకుండా ఆయాసం, వాంతి, నీరసం మాత్రమే ఉండవచ్చు. మన ఇళ్ళలో దీనిని ముందుగా "గ్యాస్" అంటారు, సోడా తాగిస్తారు. ఒకసారి గుండెపోటు వచ్చినవారి విషయంలో గ్యాస్ అనే మాటను ఆసుపత్రిలో ఇ.సి.జి. చూసిన డాక్టరు చెప్పాలి.

నాలుక కింద పెట్టుకునే మాత్ర మీకు ఇచ్చి ఉంటే, కూర్చుని ఒకటి పెట్టుకోండి. నిలబడి పెట్టుకుంటే బి.పి. పడిపోయి కింద పడవచ్చు. ఐదు నిమిషాల్లో తగ్గకపోయినా, ఎక్కువవుతున్నా 108కి ఫోను చేయండి. మాత్ర లేకపోతే ఆ ఐదు నిమిషాలు కూడా ఆగవద్దు. 108 సేవ మన ప్రాంతంలో 2005 నుండి ఉంది, దానికి డబ్బు కట్టనక్కరలేదు. మోటారు సైకిలు మీద మీరే బయలుదేరవద్దు. దూరాన ఉన్న పిల్లలకు వీడియో కాల్ ఆ తరువాత చేయవచ్చు.

ఫోనులో వచ్చే సలహాలు

అదే ఫోనులో హాని కూడా వస్తుంది. వెల్లుల్లి, అల్లం, నిమ్మరసం, తేనె కలిపి తాగితే బ్లాకులు కరిగిపోతాయని, గట్టిగా దగ్గుతూ ఉంటే గుండెపోటు ఆగుతుందని వాట్సాప్‌లో ఏళ్ళ తరబడి తిరుగుతున్నాయి. రెండూ నిజం కాదు. వెల్లుల్లి కూరలో వేసుకోండి, అభ్యంతరం లేదు. కానీ కొలెస్ట్రాలు మాత్ర లివరును పాడుచేస్తుందని ఎవరో వీడియోలో చెప్పగా విని అటోర్వాస్టాటిన్ మానడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. గుండెపోటు తరువాత చెడు కొలెస్ట్రాలును చాలా తక్కువకు, వీలైతే 55 లోపుకు తేవాలని డాక్టర్లు చూస్తారు. లేబరేటరీ కాగితం మీద "మామూలు" అని ముద్రించే అంకె మీకు సరిపోదు. కండరాల నొప్పులు వస్తే ఆ మాట డాక్టరుకు చెప్పండి, మోతాదు మార్చే వీలుంది.

ఫోనులో డాక్టరు, ఫోనులో కాగితాలు

ఫోను ద్వారా వైద్య సలహాకు మన దేశంలో 2020 మార్చిలో నియమాలు వచ్చాయి. ప్రభుత్వ ఈ-సంజీవని సేవ 2019 నుండి నడుస్తోంది. బి.పి. లెక్కలు చూపించడానికి, రక్తపరీక్ష ఫలితం అడగడానికి, మాత్రల గురించి సందేహం తీర్చుకోవడానికి ఇవి బాగా పనికివస్తాయి. ఛాతీ నొప్పికి పనికిరావు.

డిశ్చార్జి కాగితంలోని ప్రతి పేజీని, ఆసుపత్రి నుండి వచ్చేటప్పటి చివరి ఇ.సి.జి.ని ఫోటో తీసి మీ ఫోనులో, ఇంట్లో మరొకరి ఫోనులో ఉంచండి. రాత్రివేళ కొత్త ఆసుపత్రికి వెళ్ళవలసివస్తే ఆ పాత ఇ.సి.జి. చాలా విలువైనది. ఇప్పుడు తీసిన దానిలో మార్పు కొత్తదా పాతదా అన్నది దానితో పోల్చి చెప్పవచ్చు. 14 అంకెల ఆభా నంబరు తీసుకుంటే ఈ కాగితాలను దానికి జతచేసుకోవచ్చు, అది ఉచితం. దాని పేరు చెప్పి ఎవరైనా ఫోను చేసి ఓ.టి.పి. అడిగితే చెప్పవద్దు.

హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న పిల్లలకు ఒక మాట. వాచీ పంపి అక్కడ నుండి నాన్నగారి గుండె వేగం రాత్రింబవళ్ళు చూస్తూ, అంకె మారినప్పుడల్లా ఫోను చేస్తే ఆయనకు దిగులు ఎక్కువవుతుంది. గుండెపోటు తరువాత దిగులు, నిద్రలేమి, ఏడుపు చాలామందికి వస్తాయి. అది కూడా డాక్టరుకు చెప్పవలసిన విషయమే. రోజూ ఒకే వేళకు ఫోను చేసి, మాత్రల సంగతి అడిగి, తరువాత వేరే కబుర్లు మాట్లాడండి. మాత్రలు తెచ్చే బాధ్యత దగ్గరలో ఉన్న ఒక్కరికి అప్పగించండి.

తరువాతి చెకప్‌కు వచ్చేటప్పుడు బి.పి. రాసిన పుస్తకం, వాడుతున్న స్ట్రిప్పులన్నీ, మీ బి.పి. మిషను కూడా సంచిలో పెట్టుకుని రండి. మా మిషనుతో పక్కపక్కన పెట్టి సరిగా చూపిస్తోందో లేదో సిస్టరు గారు చూస్తారు. ఫోను ఛార్జి చేసుకుని రండి.