విశాఖ నుండి దుబాయికి: దూరము, కాలము

ఉద్దానం పల్లెల నుండి గల్ఫు దేశాలకు పనులకై వెళ్ళినవారు ఎందరో ఉన్నారు. అయినను దుబాయి ఎంత దూరమని అడిగినచో మన విద్యార్థులు కిలోమీటర్లలో గాక గంటలలో చెప్పుదురు. ఆ గంటలు గడియారము చూచి లెక్కించినవైనచో తప్పు దొరలును.

భూమి గోళాకారము గనుక పటముపై స్కేలు పెట్టి కొలిచిన చాలదు. విశాఖ, దుబాయి నగరముల నుండి భూకేంద్రమునకు గీసిన రేఖల నడిమి కోణము సుమారు 27 డిగ్రీలు. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున దూరము రమారమి 3,000 కిలోమీటర్లు. గంటకు 800 కిలోమీటర్ల వేగముతో నేరుగా ఎగిరినచో 3 గంటల 45 నిమిషములు. (పలాస నుండి విశాఖకు రైలులో సుమారు 200 కిలోమీటర్లకే మూడు నాలుగు గంటలు పట్టును!)

దుబాయి కాలము మనకన్న గంటన్నర వెనుక. ఉదయం 8 గంటలకు విశాఖలో లేచిన విమానము నాలుగు గంటలు ఎగిరి దిగునప్పటికి అక్కడ 10.30 మాత్రమే. తిరుగు ప్రయాణమున అక్కడ 8 గంటలకు లేచి, మూడున్నర గంటలే ఎగిరినను ఇక్కడ మధ్యాహ్నం ఒంటిగంట. గడియారము లెక్కన పోవుటకు రెండున్నర గంటలు, వచ్చుటకు ఐదు! నిజమునకు రాకయే త్వరితము. శీతకాలమున ఉత్తర, మధ్య భారతముపై ఎంతో ఎత్తున పడమటి నుండి తూర్పునకు బలమైన గాలులు వీచును. అవి పోవునపుడు ఎదురుగాలి, వచ్చునపుడు వెనుకగాలి.

టిక్కెట్టుపై దిగు వేళ దిగిన ఊరి కాలమే. మనవారిని తోడ్కొని వచ్చుటకు విశాఖ వెళ్ళువారు దానికి మరల గంటన్నర కలిపినచో, వచ్చినవారు అంతసేపును విమానాశ్రయము బయట సామానుతో నిలిచి ఎదురుచూడవలసివచ్చును.