అరుగు మీది మనిషి



ఇల్లు లేనివారు పట్నాల్లోనే ఉంటారనుకుంటాం. మన పల్లెల్లో బస్సు షెల్టర్లో, బడి వరండాలో, గుడి అరుగు మీద పడుకునేవారి మాటేమిటి? 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫానులకు ఇళ్లు పోతే ఊళ్లకు ఊళ్లే కదిలాయి. ఒంటరిగా వచ్చినవారికైతే ముద్ద పెట్టి వెళ్లిపోతాం. మంచి సమరయుడు గాయాలు కట్టి, పూటకూళ్ల ఖర్చు కూడా ఇచ్చాడు కదా!

ఒకసారి వార్డుకు ఒక మామ్మను తెచ్చారు. ఊరివారు నెల రోజులు అన్నం పెట్టారు, కానీ కాలికి చుట్టిన గుడ్డ ఎవరూ విప్పలేదు. లోపల పురుగులు. కాలు దక్కలేదు.

పుండు చూస్తే సబ్బుతో, కాచి చల్లార్చిన నీటితో కడిగి శుభ్రమైన గుడ్డ కట్టండి. కిరోసిన్, పేడ, పసరు వద్దు. పురుగులుంటే వెంటనే ఆసుపత్రికే తేవాలి. టీటీ ఇంజక్షన్ కూడా అవసరం.

చాలా రోజులు పస్తున్నవారికి ఒక్కసారే కడుపునిండా పెట్టకండి. రక్తంలో లవణాలు తారుమారై గుండెకు ప్రమాదం. పల్చని గంజి, చోడి అంబలి కొద్దికొద్దిగా ఇస్తూ ఆసుపత్రికి తీసుకురండి.

మతి స్థిమితం లేనివారిని తరమకండి, పోలీసులకు చెప్పండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం వారిని లాకప్పులో ఉంచకూడదు. 24 గంటల్లోగా ప్రభుత్వాసుపత్రిలో చూపించాలి. తప్పిపోయినవారిగా కేసు రాసి ఇంటివారిని వెదకాలి. వృద్ధుల సాయానికి 14567కు ఫోన్ చేయవచ్చు.

ముందు పేరు, ఊరు అడగండి. ఊరు గుర్తులేకపోయినా దగ్గరి సంతో, ఏరో చెబుతారు. ఆ మామ్మ సంత పేరు ఒక్కటే చెప్పింది. దాంతోనే ఆమె అన్నగారి కొడుకు దొరికాడు.